బెత్తెడు పిస్తోలు, నలుగురి మాట

ముంతగట్టు ఊళ్ళో బుర్రలవారిల్లు ఎక్కడని అడిగితే పాలు తాగే పిల్లాడైనా చూపిస్తాడు. వాళ్ళ అసలు ఇంటిపేరు వేరే ఏదో ఉండేది. ఊరంతా నవ్వుతూ 'బుర్రలవారు' అనడం మొదలుపెట్టింది. ఆ పేరు వాళ్ళకి ఎంత నచ్చిందంటే అసలుదాన్ని మరిచేపోయారు.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. పెద్దవాడు గవర్రాజు, అతని పెళ్ళాం సూరాయమ్మ, తమ్ముడు తాతబ్బాయి. ఒకసారి పెద్దవానకి వాళ్ళ తాటాకిల్లు కారింది. ఇంకేముంది, ముగ్గురూ వీధిలోకొచ్చి వానలో నిలబడ్డారు. 

"ఇదేమిటయ్యా, తడిసిపోతున్నారు?" అన్నారు దారినపోయేవాళ్ళు. 

"ఇంట్లో కారుతోందండి. ఇక్కడైతే కారడం లేదు, కురుస్తోందంతే" అన్నాడు గవర్రాజు. 

ఆ మాట అన్నందుకు సూరాయమ్మ మొగుడివంక ఎంతో గర్వంగా చూసింది.

ఆ ఊరి దివాణంలో గట్టాలమ్మ తల్లి నగలుండేవి. కిరీటం, ముక్కెర, వడ్డాణం, కడియాలు, అందెలు అన్నీ బంగారమే. రోజూ పొద్దున్నే వాటిని పెట్టెలో పెట్టుకుని, తాటితోపు దాటి అమ్మవారి గుడికి తీసుకెళ్ళాలి. మధ్యాహ్నం మళ్ళీ తెచ్చి దివాణంలో అప్పగించాలి. దివాన్ శరభయ్యగారు ఆ పని బుర్రలవారికే ఇచ్చారు. ఎందుకంటే దొంగతనం చెయ్యడానికి కూడా కాస్త తెలివి కావాలని ఆయన లెక్క. ముగ్గురూ మాత్రం తమ తెలివి చూసే ఇచ్చారని అనుకునేవారు.

ఇలా ఉండగా తాటితోపులో దొంగ పడ్డాడు. వాడి పేరు జంబులు. చేతిలో పిస్తోలు పట్టుకుని తిరుగుతున్నాడని, ఇద్దరు బేరగాళ్ళ మూటలు లాక్కున్నాడని చెప్పుకున్నారు. వచ్చే శుక్రవారమే గట్టాలమ్మ జాతర. ఆ రోజు నగలు పోయాయంటే ఇంకేమన్నా ఉందా! దివాన్‌గారు గవర్రాజుని పిలిపించి, అరచేతిలో ఇమిడిపోయే చిన్న పిస్తోలు ఒకటి ఇచ్చారు.

"గవర్రాజూ, బెత్తెడుందని దీన్ని తీసిపారేయకు. రోజూ మొలలో ఉండాలి. ఇలాంటిది వెంట పెట్టుకు తిరిగేవాళ్ళని నలుగుర్ని అడిగి, దీని సంగతేమిటో తెలుసుకో. శుక్రవారంలోగా నేర్చుకోలేదంటే ఈ పని ఇంకొకళ్ళకిస్తాను."

"చిత్తం" అన్నాడు గవర్రాజు.

ఆ పిస్తోలులో తూటాలు లేవు. ముందు సంగతి తెలుసుకొచ్చాక ఇద్దామని దివాన్‌గారు వాటిని తన దగ్గరే ఉంచుకున్నారు. ఆయన చేసిన ఒక్క మంచిపని అదే.

ఇంటికొచ్చి గవర్రాజు పిస్తోలుని మొలతాడుకి ఏడు ముళ్ళేసి కట్టుకున్నాడు. "తియ్యకూడదట, పారెయ్యకూడదట" అని ఇంట్లోవాళ్ళకి చెప్పాడు.

తాతబ్బాయి పైకండువా తీసి చూపించాడు. "అన్నయ్యా, ఒక్కొక్కరి మాట వినగానే దీనికి ఒక ముడి వేస్తాను. నాలుగు ముళ్ళు పడితే నలుగురినీ అడిగినట్టే. మూడు కాదు, అయిదు కాదు."

"ఈ ఇంట్లో పుట్టినందుకు నీకూ బుర్ర వచ్చిందిరా తమ్ముడూ" అని సూరాయమ్మ మురిసిపోయింది.

మొదట సుబేదారు రామదండుగారి దగ్గరికి వెళ్ళారు. ఆయన పట్టాళంలో పనిచేసి వచ్చి, అరుగుమీద కూర్చుని చుట్ట కాల్చుకుంటున్నాడు. 

"అయ్యగారూ, తమరిదగ్గర ఇలాంటిది ఉందట కదండీ, ఎలా ఉంటుందండీ?" అని అడిగాడు గవర్రాజు.

ఆయనకి ఎవరైనా ఆ మాట అడిగితే చాలు. నడుముమీద చెయ్యేసి అందుకున్నాడు. "ఇరవయ్యేళ్ళనించి నాకు తోడు ఇదేనయ్యా. పెద్ద తుపాకీ అయితే మొయ్యలేం, దాచలేం. ఇది ఉన్నట్టే తెలీదు. కూర్చున్నప్పుడు డొక్కలో కాస్త పొడుస్తుంది, అలవాటైపోతుంది. దూరానికి పనికిరాదు, నాలుగు బారల్లో అయితే దీన్ని మించింది లేదు. కానీ ఒకటి. గుండు లేకపోతే పిస్తోలు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ముందు గుండు, తర్వాతే పిస్తోలు!"

అంతే. అక్కణ్ణించి అన్నదమ్ములిద్దరూ తిన్నగా క్షవరం చేసే సింహాద్రి దగ్గరికెళ్ళి నున్నగా గుండు చేయించుకున్నారు. సూరాయమ్మ కూడా వచ్చి పీటమీద కూర్చుంది. "నేనూ రోజూ వీళ్ళతో నడుస్తున్నాను కదా, నాకూ కానియ్యి" అంది. సింహాద్రి కత్తి, పొది అక్కడే వదిలేసి పొలాలకి అడ్డంపడి పరుగు. ఇంక చేసేది లేక ఆవిడ జుట్టంతా కనబడకుండా తలగుడ్డ చుట్టుకుంది.

ఊళ్ళో ఇద్దరు మగవాళ్ళు ఒకేసారి గుండ్లతో కనపడితే ఎవరైనా ఏమనుకుంటారు? పక్కవీధి ఆడవాళ్ళు కొంగులు నోట కుక్కుకుని వచ్చేశారు. 

"అయ్యో సూరాయమ్మా, ఎవరు పోయారమ్మా?" 

"ఎవరూ పోలేదు పిన్నీ, పిస్తోలు వచ్చింది" అంది సూరాయమ్మ.

ఏడవడానికి వచ్చినవాళ్ళు ఏడవాలో మానాలో తెలియక కాసేపు నిలబడి వెళ్ళిపోయారు.

మర్నాడు గవర్రాజు పిస్తోలుతోనే చెరువులో మునిగి స్నానం చేశాడు. తియ్యకూడదన్నారు కదా మరి. ఆ తడిపంచెతో, ఒళ్ళంతా నీళ్ళోడుతూ బియ్యం మిల్లు గున్నేశ్వరరావుగారి దగ్గరికెళ్ళాడు. ఆయనకీ బెత్తెడు పిస్తోలు ఒకటుంది. మిల్లునుంచి ఇంటికి ఒంటరిగా నడుస్తాడు కాబట్టి కోటు లోపల జేబులో పెట్టుకుంటాడు. గవర్రాజు మొలలోంచి నీళ్ళు కారడం చూసి ఆయన నెత్తి కొట్టుకున్నాడు.

"ఒరే మహానుభావా, అది ఇనుమురా! చెమట తగిలితేనే తుప్పు పడుతుంది. నాకు అదొక్కటే దీంతో పేచీ. బరువు లేదు, అడ్డం లేదు, జేబు కూడా చిరగదు, కానీ చాకిరీ చెయ్యాలి. వారానికోసారి నూనె పట్టించాలి, మెత్తటి గుడ్డలో పెట్టాలి. చంటిపిల్లలా చూసుకోవాలి! లోపల మందు పడితేనే అది మాట్లాడుతుంది. మందు లేనిది మూగదే అనుకో."

తాతబ్బాయి రెండో ముడి వేశాడు. ఇంటికొచ్చాక ముగ్గురూ ఆలోచనలో పడ్డారు. చంటిపిల్లలా చూడాలంటే మొలలోంచి తియ్యాలి. తియ్యకూడదని దివాన్‌గారన్నారు. ఎలా?

సూరాయమ్మకే తట్టింది. "తియ్యడం తప్పు గాని, ఎత్తుకోవడం తప్పు కాదుగా!" 

ఆవిడకి పెళ్ళై పన్నెండేళ్ళయినా ఒడిలో బిడ్డ లేదు. ఏడు ముళ్ళూ విప్పి, పిస్తోలుని రెండు చేతులా అందుకుని ఒళ్ళో పెట్టుకుంది. చీరతో ఉయ్యాల కట్టింది. ఉగ్గుగిన్నెతో ఆముదం గొట్టంలో పోసింది. నుదురు ఎక్కడో తెలియక గొట్టం చివర కాటుకచుక్క పెట్టింది. జోల పాడింది. గవర్రాజు గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశాడు.

"నా పోలికే" అన్నాడు చివరికి.

"చాల్లే, ఆ ముక్కు చూడు, సూటిగా మావాళ్ళ ముక్కు" అంది సూరాయమ్మ.

ఆ పూట దాని పోలిక దగ్గర పెద్ద గొడవైపోయింది. అన్నాలు చల్లారిపోయాయి. ఆఖరికి తాతబ్బాయి సర్దిచెప్పాడు. "పోలికల సంగతి తర్వాత. బిడ్డ మూగదట. మందు పడితే మాటలొస్తాయన్నారు. ముందు అది చూడండి."

ఇంకేముంది, ముగ్గురూ ఆచార్లుగారి దగ్గరికి పరిగెత్తారు. ఆయన ఊరి వైద్యుడు. "ఇంట్లో పలకని బిడ్డ ఉందండి, మందు కావాలి" అన్నారు. బుర్రలవారింట్లో బిడ్డ ఎప్పుడు పుట్టిందో ఆయనకి తెలీదు. పోనీలే పాపమని, వసకొమ్ము అరగదీసి తేనెలో కలిపిచ్చాడు. దాన్ని తెచ్చి గొట్టంనిండా కూరారు. మాటలొస్తాయేమోనని తెల్లారేదాకా వంతులవారీగా చెవి పెట్టి విన్నారు. మాటలు రాలేదు. చీమలు వచ్చాయి. గవర్రాజు చెవి బూరెలా వాచిపోయింది.

గురువారంనాడు కామాయమ్మగారి దగ్గరికి వెళ్ళారు. ఆవిడకి నలభై ఎకరాలు, చుట్టూ దాయాదులు. భర్త పోయిన దగ్గర్నుంచి తమలపాకుల సంచిలో పిస్తోలు పెట్టుకునే తిరుగుతుంది. వక్క కొరుకుతూ వాళ్ళని కూర్చోమంది.

"నా చేతికి సరిగ్గా సరిపోతుందిరా అబ్బాయిలూ. పట్టుకుంటే జారదు, సంచిలో వేసుకుంటే కనబడదు. ఇన్నేళ్ళలో దాంతో ఎవర్నీ కొట్టింది లేదు. సంచిలో చెయ్యి పెడితే చాలు, ఎదటివాడు తమలపాకు తీస్తానో ఇంకేం తీస్తానో తెలియక నమస్కారం పెట్టేస్తాడు. ఇంతకీ మీది పేలుతుందా?"

తాతబ్బాయి గుండు తడుముకున్నాడు. "ఇంక పేలెక్కడివండీ అమ్మగారూ, మొన్ననే నున్నగా చేయించేశాం."

ఆవిడకి అర్థం కాలేదు. సరేలే అని, లేస్తూ ఇంకోమాట చెప్పింది. "ఆరు గుళ్ళు పడతాయి ఇందులో. ఆరు గుళ్ళూ నిండాకే ఇంట్లోంచి కాలు బయటపెట్టండి. ఒక్కటి ఖాళీగా ఉన్నా నేనైతే కదలను."

మూడో ముడి పడింది. ముగ్గురూ దారిలో ఊళ్ళోవన్నీ వేళ్ళమీద లెక్కపెట్టుకున్నారు. రామాలయం ఒకటి, శివాలయం రెండు, ఆంజనేయస్వామిది మూడు, వినాయకుడిది నాలుగు, సుబ్బారాయుడిది అయిదు, ఏటిగట్టున వేణుగోపాలస్వామిది ఆరు. సరిగ్గా ఆరే! 

"ఆవిడ ఎంత లెక్కగల మనిషో చూశావా" అన్నాడు గవర్రాజు. 

కానీ ఆరు గుళ్ళనీ జనంతో నింపడం ఎలా? అదీ పొద్దున్నే?

తాతబ్బాయి శుక్రవారం తెల్లవారుతూనే డప్పు పుచ్చుకుని వీధివీధీ తిరిగాడు. "ఆరు గుళ్ళలోనూ పులిహోరా! ముందొచ్చినవాళ్ళకి దద్ధోజనం కూడానహో!" జాతరరోజు కదా, జనం నమ్మేశారు. అంతే, పిల్లా మేకా విస్తరాకులు పట్టుకుని ఆరు గుళ్ళకీ పోటెత్తారు. ఎంతసేపు కూర్చున్నా పులిహోర రాదు, దద్ధోజనం రాదు. పూజారులు జనాన్ని చూసి బెంబేలు, జనం పూజారుల్ని చూసి కోపం.

"ఆరూ నిండాయి, ఇంక పదండి" అన్నాడు గవర్రాజు.

దివాణంలో నగలపెట్టె తీసుకుని గవర్రాజు నెత్తిన పెట్టుకున్నాడు. సూరాయమ్మ పిస్తోలుని మెత్తటి గుడ్డలో చుట్టి చంకనెత్తుకుంది. తాతబ్బాయి మాత్రం మొహం వేలాడేసుకుని నడుస్తున్నాడు. మూడు ముళ్ళే పడ్డాయి. ఊళ్ళో పిస్తోలు ఉన్న నాలుగో మనిషి లేడు. మధ్యాహ్నం దివాన్‌గారు అడిగితే ఏం చెప్పాలి? పని పోతుంది. రేపట్నించి అమ్మవారి నగలు ఇంకెవరో మోస్తారు. ఆ మాట తలుచుకుని గవర్రాజు నెత్తిమీది పెట్టెని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు.

ఎప్పుడూ పుల్లలు ఏరుకునేవాళ్ళతో సందడిగా ఉండే తాటితోపు ఆవేళ ఖాళీగా ఉంది. అందరూ గుళ్ళలోనే ఉన్నారు మరి. సగం దూరం వెళ్ళేసరికి చెట్టుచాటునుంచి ముఖానికి తువ్వాలు కట్టుకున్న మనిషి ఒకడు దూకాడు. చేతిలో పిస్తోలు.

"ఆగండి! కదిలితే కాల్చేస్తా!"

తాతబ్బాయి ఒక్క గెంతు గెంతాడు. "అన్నయ్యా! నాలుగో ఆయన!"

"అమ్మయ్య, గట్టాలమ్మ తల్లి మొర ఆలకించింది" అని గవర్రాజు పెట్టె దించి దండం పెట్టాడు. "బాబుగారూ, తమకోసమే మూణ్ణాళ్ళనించి తిరుగుతున్నాం. మీది కూడా బెత్తెడేనా? రోజూ వెంట ఉంచుకుంటారా? ఎలా ఉందండీ?"

జంబులు బిత్తరపోయాడు. ఇన్నాళ్ళ దొంగతనంలో వాణ్ణి చూసి పారిపోయినవాళ్ళున్నారు, ఏడ్చినవాళ్ళున్నారు. ఎలా ఉందని అడిగినవాళ్ళు లేరు. తెలియకుండానే నోరు జారాడు.

"ఎలా ఉంటుంది, నా తలకాయలా ఉంది. మొలలో దోపితే పంచె జారిపోతోంది. ఒకసారి పరిగెత్తుతుంటే ఊడి పంటబోదెలో పడింది. అందుకే రోజంతా చేత్తో పట్టుకునే తిరుగుతున్నా. భుజం లాగేస్తోంది."

"పాపం" అంది సూరాయమ్మ. "డొక్కలో పొడుస్తుందా?"

"పొడవడమా! తెల్లార్లూ పొడుస్తుంది."

"అలవాటైపోతుందని సుబేదారుగారు చెప్పారు, బెంగపడకు" అంటూ సూరాయమ్మ తన చంకలో గుడ్డ కాస్త తొలగించి చూపించింది. "మాది ఇదిగో. ఇంకా మాటలు రాలేదు. మీది పలుకుతుందా?"

అప్పటికి జంబులుకి తనెందుకొచ్చాడో గుర్తొచ్చింది. పిస్తోలు ఝాడించి గట్టిగా అరిచాడు. "నోరు మూసుకోండి! చేతులెత్తండి!"

అన్నదమ్ములిద్దరూ వెంటనే ఒక్కో చేత్తో నోరు మూసుకున్నారు. కానీ చేతులెత్తాలంటే నోరు తెరుచుకుంటుంది. ఎలాగబ్బా అని కళ్ళతోనే ఒకరినొకరు అడిగారు. ఎవరి చేతులు ఎత్తాలో ఆయన చెప్పలేదు కదా! ఇంకేముంది, రెండో చేత్తో చెరోవైపు జంబులు చేతులు పట్టుకుని అమాంతం పైకెత్తేశారు. వాడు గింజుకుంటే పిస్తోలు 'టక్' మంది. అంతకుమించి ఏమీ అనలేదు. తూటాలు కొనే స్తోమత లేక వాడు ఉత్త పిస్తోలుతోనే కాలక్షేపం చేస్తున్నాడు.

"అయ్యో, మీ దానికి వస పొయ్యలేదూ?" అని సూరాయమ్మ జాలిపడింది.

వాడికి ఏడుపొకటే తక్కువ. "ఒరే, చేతులు వదలండిరా! పిస్తోలు సంగతి నాకొద్దు. ఆ నగలు, నగలన్నీ నాకు పెట్టండి!"

"ఇంతేనా, ముందే చెప్పొచ్చుగా" అన్నాడు గవర్రాజు.

అంతే. పెట్టె మూత తీశారు. కిరీటం నెత్తిన పెట్టారు, కళ్ళదాకా దిగిపోయింది. సూరాయమ్మ వాడి ముఖంమీది తువ్వాలు లాగేసి, ముక్కెర పట్టుకుని, ముక్కు కుట్టించుకోలేదేమని వాణ్ణి నాలుగు చీవాట్లు పెట్టి, నొక్కి తగిలించింది. చేతులకి కడియాలు, కాళ్ళకి అందెలు. తాతబ్బాయి వడ్డాణం చుట్టి, మరసీల తిప్పి, పంచె జారుతోందన్నాడు కదా అని ఇంకో నాలుగు చుట్లు బిగించాడు. జంబులుకి ఊపిరి ఆడలేదు. పరిగెత్తబోతే అందెలు అడ్డంపడ్డాయి, వడ్డాణం వంగనివ్వలేదు, కిరీటం చూడనివ్వలేదు. ఒక తాటిచెట్టుని ఢీకొట్టి అక్కడే నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే పులిహోర దొరకని జనం తాతబ్బాయిని తన్నడానికి కర్రలతో తోపులోకి వచ్చారు. ఎండలో ధగధగ మెరుస్తూ, కిరీటం పెట్టుకుని, చెట్టుని కావిలించుకున్న ఆకారం కనబడింది. ముందున్న ముసలావిడ కర్ర కింద పడేసింది. 

"తల్లీ! గట్టాలమ్మ నడిచొచ్చిందర్రా!"

ఇంకేముంది! పసుపునీళ్ళు పోశారు, వేపమండలు కట్టారు, డప్పులు మోగించారు, వాణ్ణి భుజాలమీద ఎక్కించుకుని గుడికి మోసుకుపోయారు. "నేను అమ్మవారిని కాదు, జంబుల్ని" అని వాడు అరిచాడు. డప్పుల మోతలో ఎవరికి వినపడుతుంది? గుడి దగ్గర పూజారి హారతి ఎత్తి, కళ్ళు చిట్లించి, "అమ్మవారికి మీసాలేమిటి?" అనేదాకా ఆ ఊరేగింపు ఆగలేదు.

దివాన్‌గారు వచ్చారు. నగలన్నీ లెక్కకి సరిపోయాయి. వడ్డాణం సీల తియ్యడానికి కమ్మరిని పిలవాల్సొచ్చింది. గజదొంగలా పేరు మోగిన జంబులు దివాన్‌గారి కాళ్ళు పట్టుకుని వదలడం లేదు. 

"ఎలా పట్టుకున్నారయ్యా వీణ్ణి?" అన్నారు దివాన్‌గారు ఆశ్చర్యంగా.

"పట్టుకోలేదండి, అడిగామండి. తమరు నలుగుర్ని అడగమన్నారు" అన్నాడు గవర్రాజు. తాతబ్బాయి నాలుగు ముళ్ళ కండువా చూపించాడు.

"మరి పిస్తోలేదీ?"

"నెమ్మదిగా మాట్లాడండి బాబయ్యగారూ" అంది సూరాయమ్మ. "ఇప్పుడే పడుకుంది."

దివాన్‌గారు గుడ్డ తొలగించి చూశారు. ఆముదం, తేనె, కాటుక, చీమలు. మళ్ళీ గుడ్డ కప్పేసి, "నీ దగ్గరే ఉండనీ తల్లీ" అన్నారు. సూరాయమ్మ కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. నగల పని ఇక ఎప్పటికీ వాళ్ళదేనని అందరి ఎదుటా చెప్పారు. అన్నదమ్ములు గుండ్లు నిమురుకుంటూ ఊరివైపు చూసిన చూపు చూడాలి!

"ఇప్పుడు వీణ్ణి ఠాణాలో అప్పగించండి. ఒక్క క్షణం కూడా వదలొద్దు" అన్నారు దివాన్‌గారు, పోతూపోతూ.

ఆ ఠాణా ఒకప్పుడు ధాన్యం కొట్టు. తలుపుకి లోపలా బయటా గడియలుంటాయి. జమేదారు దొంగని లోపలికి నెట్టగానే అన్నదమ్ములిద్దరూ వాడి చెరో చెయ్యీ పట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. రమ్మంటే రారు. "ఒక్క క్షణం కూడా వదలొద్దన్నారండి." మూడురోజులు వాడి చేతులు వదల్లేదు. వాడు గోక్కుంటే వాళ్ళ చేతులు కూడా వెళ్ళేవి. సూరాయమ్మ మూడుపూటలా ముగ్గురికీ క్యారేజీ తెచ్చి, వెళ్ళేముందు దొంగకి చంటిపిల్లల పెంపకం గురించి చెప్పేది. జమేదారు విసిగిపోయి తాళం వెయ్యడం కూడా మానేశాడు. ఆఖరికి జంబులే బతిమాలాడు. "బాబూ జమేదారూ, నాకు ఇంకో ఏడాది శిక్ష పడినా సరే, వీళ్ళని పంపించెయ్యండి."

జమేదారు కబురు పంపాడు. దివాన్‌గారి బంట్రోతు చీటీ తెచ్చి తలుపు బయటనించే చదివాడు. "వాణ్ణి వదిలేసి ఇంటికి పోండి."

అంతే. జమేదారు భోజనానికి వెళ్ళిన సమయం అది. అన్నదమ్ములు జంబుల్ని భద్రంగా వీధిలోకి తీసుకొచ్చారు. ఒంటిమీద దుమ్ము దులిపి, భుజం తట్టి, చేతులు వదిలేశారు. "దివాన్‌గారు వదిలెయ్యమన్నారు, వెళ్ళు నాయనా. ఎప్పుడైనా తోపులో కలుద్దాం. మేం రోజూ అటే వస్తాంగా."

ఆ మాట వినగానే జంబులు మొహం పాలిపోయింది. రెండడుగులు వేసినవాడల్లా గిర్రున వెనక్కి తిరిగి, ఠాణాలోకి దూరి, లోపలనుంచి గడియ పెట్టేసుకున్నాడు.

గవర్రాజుకి కోపమొచ్చింది. "వదిలెయ్యమన్న మనిషి లోపల ఉంటే దివాన్‌గారి మాటేం కావాలి? ఎలాగైనా బయటికి లాగి వదలాల్సిందే!" తలుపు తోశారు, రాలేదు. బతిమాలారు, వాడు పలకలేదు. అంతలో సూరాయమ్మ క్యారేజీతో వచ్చింది. సంగతి విని ఇంటికి పరిగెత్తి గునపం తెచ్చింది.

జమేదారు తాంబూలం నములుతూ వచ్చేసరికి ఏం చూశాడూ? కన్నం వెయ్యాల్సిన దొంగ లోపల గడియ పెట్టుకుని "రక్షించండి, రక్షించండి" అని అరుస్తున్నాడు. దొంగని పట్టిన పెద్దమనుషులు బయట కూర్చుని పట్టపగలు ఠాణా గోడకి కన్నం వేస్తున్నారు.

గవర్రాజు చెమట తుడుచుకుని నవ్వుమొహంతో లేచి నిలబడ్డాడు. "సమయానికొచ్చారు జమేదారుగారూ! గోడ గట్టిగా ఉంది. మీరూ ఓ చెయ్యి వెయ్యండి."